రెండు చేతులు

కరెంటు పొయ్యి వచ్చినంక మొదలుపెట్టినారు.
అనంతపురం, సాయినగర్ మూడో క్రాసు,
కంపెనీ గెస్టుహౌసు మిద్దె మీద.
పొద్దు గుంకినా గచ్చు సల్లారలేదు,
చాప కింద నుంచి కాలుతానే ఉంది.

కొరియా సారు ఇంటిపేరు ‘ఓ’.
పిలుపూ అదే, పేరూ అదే.
నాలుగేండ్లుగా ఆయన కారు నడుపుతాండా,
ఆయన ముఖం నాకు అద్దంలోనే ఎరిక.
ఈపొద్దు ఎదురుగా కూసున్యాడు
బాసింపట్టు ఏసుకోని, ఉత్త కాళ్లతో.
కారు తాళాలు ఇంట్లో పెట్టి రమ్మన్యాడు ముందే.

తినకుండా తాగితే తప్పంట వాళ్లల్లో.
అందుకే ఉడకేసిన బుడ్డలు, మిరక్కాయ బజ్జీలు,
వాళ్ల ఎర్ర క్యాబేజీ.
వెల్డరు కదిరప్ప నంజుకోని
‘మూడు దినాలు మర్చిపోయిన పచ్చడప్పా ఇది’ అనె,
మళ్లా పెట్టించుకునె.

పచ్చసీసాలో సోజు.
నీళ్లలాగ వచ్చి
నిప్పులాగ కూసునె గొంతులో.
ఎవరిది వాళ్లు పోసుకోగూడదు,
పక్కోని గిలాసు మీద కన్నుండాల,
అడుగు కనపడినంకనే పొయ్యాల.
తస్లీమా చెప్తాంది ఇవన్నీ, వాళ్ల భాష మన భాషలోకి పోస్తా.
ఆ పిల్ల తాగేది బియ్యం తీపినీళ్లు,
ఆమె గిలాసు ఖాళీ కాకుండా అందరం కాపలా.

తర్వాత తెల్లసీసా తెచ్చిరి, కుదిపి.
మక్కల్లి అంట.
నాకు ‘మా కల్లు’ అని ఇనపడింది.
వాసన చూస్తే చెవులది తప్పు కాదనిపించె.
పులుపు, అడుగున బియ్యప్పిండి, పైన నురగ,
వంక గట్టున ఈతమాను కింది మధ్యాన్నం.

‘అందరికన్న పెద్ద ఎవరు? ముందు ఆయనకు’ అనె ఓ సారు.
వయసులు చెప్పుకుంటిరి.
నాది జులై ఒకటి.
కరువులో పుట్టినోన్ని, తేదీ మా అమ్మకు తెలీదు,
అయ్యవారు రాసిందే నాకు పుట్టుక.
ఆ కాగితం లెక్కన
ఓ సారు కన్న రెండేండ్లు పెద్ద.

ఆయన మోకాళ్ల మీద లేసె.
కుడిచేత్తో సీసా, ఎడమచెయ్యి మోచేతి కింద.
‘రెండు చేతులూ పట్టన్నా’ అనె తస్లీమా.

పట్టినా.
గిన్నె చాప మీదనే ఉండిపాయ.
నా చేతులు వాటంతట అవే
ఒకటిగా కలిసి, గుంత పడి,
గడ్డం కిందికి వచ్చిండె.

మా జేజినాయన ముత్తులప్ప
కల్లంగడి ఎనక గోడకాడ వంగి
ఇట్లనే పట్టేవాడు.
లోటా మాకు లేదు.
పైనుంచి పోస్తాంటే మోచేతుల మీంద కారేది.
ఏడేండ్లోన్ని, నేను ఆ చుక్కలు నాకి నవ్వినా.
ఆయన నవ్వలేదు.

మిద్దె మీద ఎవరూ మాట్లాడలేదు.
కదిరప్ప బజ్జీ పట్టుకోని అట్లే ఉన్న్యాడు,
వానికి తెలుసు.
ఓ సారుకు తెలీదు.
ఇదొక పద్ధతేమో అనుకోని తల వంచి
గిన్నె ఎత్తి నా దోసిట్లో పెట్టి
అప్పుడు పోసె, మెల్లగ,
ఒక్క చుక్క అంచు దాటకుండా.

‘ఏమని చెప్పేదన్నా?’ గుసగుసగ అడిగె తస్లీమా.
‘ఏం చెప్పొద్దులేమ్మా, సల్లారుతాంది.’
సల్లగున్న దాన్ని పట్టుకోని అట్లంటి.

నేను తాగినంక ఆయన తాగె,
ముఖం పక్కకు తిప్పుకోని, చెయ్యి అడ్డం పెట్టుకోని.
పెద్దోని ముందర అట్లనే తాగాలంట.
మా ముత్తులప్ప గూడా తిప్పుకునేవాడు.
అది వేరే.

తెల్లారి ఎనిమిదికి మళ్లా నేనే డోరు తీసినా,
ఆయన ఎనక సీట్లోనే కూసునె.
గేటుకాడ ట్రిప్పు కాగితం ఇచ్చినా సంతకానికి.
రెండు చేతుల్తో తీసుకున్యాడు.
నేనిచ్చింది మాత్రం ఒక్క చేత్తోనే,
ఇంకోటి స్టీరింగు మీద.